బావమరిది కుక్కలో వంక

మేకులాయనకు లోకంలో ఎవరి మీదా ఈర్ష్య లేదు. పక్కింటివాడు మేడ మీద మేడ వేసినా, తనతో పాటు పని నేర్చుకున్నవాడు బజారులో పెద్ద దుకాణం తెరిచినా, "పోనీలే, వాడి కష్టం వాడిది" అని ఊరుకున్నాడు. ఆయన కడుపుమంటంతా ఒక్కచోటే పోగుపడింది. అది బావమరిది కుక్క.

సోఫాలకు, కుర్చీలకు స్పాంజి వేసి గుడ్డ బిగించడం ఆయన వృత్తి. బిగించేటప్పుడు చిన్న మేకులు గుప్పెడు నోట్లో పోసుకుంటాడు. నాలుకతో ఒక్కొక్కటీ పెదవుల మధ్యకు తోసి, తీసి, సుత్తితో ఒకే దెబ్బ వేస్తాడు. ముందు పళ్ళు ఆ మేకులకే అరిగిపోయాయి. తుపాకీలాంటి యంత్రం ఉంది, అది కొనుక్కోమని చెప్పనివాళ్ళు లేరు. "దానికి గుడ్డ బిగువు తెలుస్తుందా?" అంటాడు. అలా ఆ పేరు వచ్చింది, ఉండిపోయింది. నోట్లో మేకులున్నంతసేపే ఆయన మంచివాడనీ, ఉమ్మేశాక దగ్గరికి వెళ్ళకూడదనీ వీధిలో చెప్పుకుంటారు. అందులో అబద్ధమేమీ లేదు.

దుకాణం ముందు, ఇల్లు వెనక. మధ్యలో ఉన్న గదిలో కుక్కలు. షెపర్డ్ జాతి ఆడకుక్క ఒకటి చాలాకాలం ఆయన దగ్గర బతికి, ముసలిదై పోయింది. దానికి జన్మలో రెండే ఈతలు. "ఇంత గిరాకీ ఉంది, ఇంకోసారి వేయించొచ్చుగా" అన్నవాడితో "ముందు మీ ఆవిడనడుగు, ఇంకో కాన్పుకి సిద్ధంగా ఉందేమో" అన్నాడు. కూనలకు రెండు నెలలు నిండందే తల్లి దగ్గర్నుంచి కదలనిచ్చేవాడు కాదు. ఎవరైనా కూన కావాలని వస్తే, ముందు వాళ్ళింటికి తనే వెళ్ళేవాడు. గేటు కింద సందు ఎంతుందో నేలకు వంగి చూసేవాడు. పగలు ఇంట్లో ఎవరుంటారు, ఊరెళితే ఎవరికి అప్పజెబుతారు, గొలుసు ఎంత పొడుగు, అసలు గొలుసెందుకు అని నిలదీసేవాడు. ఇవన్నీ దాటినవాళ్ళకు ఆఖరి షరతు ఒకటి ఉండేది.

"ఏనాడైనా పెంచలేకపోతే రోడ్డున వదలొద్దు. నా గుమ్మంలో వదలండి. ఎందుకని అడగను."

ఇది విన్నప్పుడల్లా భార్య లోపలి నుంచి అనేది, "మా నాన్న నన్ను మీకిచ్చేటప్పుడు ఇందులో సగం అడిగుంటే నా బతుకు బాగుపడేది."

అసలు మంట రెండో ఈతలో అంటుకుంది. అన్ని కూనలూ మంచి ఇళ్ళకు వెళ్ళాక రెండు మిగిలాయి. ఒకటి ఆడది. అన్నిటికంటే ముందు చెవులు నిక్కపొడుచుకున్నది అదే, పెట్టెలోంచి బయటికి దూకిందీ అదే. దానికి జువ్వ అని పేరు పెట్టి తన కోసం ఉంచుకున్నాడు. రెండోది మగది. మూలకు చేరి, కాళ్ళు కడుపులోకి ముడుచుకుని, ఎవరో మరిచిపోయిన బట్టల మూటలా పడుకునేది. అందుకే దాన్ని మూట అనేవాడు. దాన్ని బావమరిదికి ఇచ్చాడు. బావమరిది బడి పిల్లల వ్యాను నడుపుతాడు. పిల్లలతో వేగేవాడికి ఓర్పు ఉంటుంది కాబట్టి మనిషి మీద అనుమానం లేదు. కానీ చేతికిచ్చేటప్పుడు నోరు ఊరుకోలేదు.

"తీసుకోరా. నీకు సరిపోయేదే. నీలాగే తిని పడుకుంటుంది."

అందరూ నవ్వారు. బావమరిది కూడా నవ్వి, కూనను చొక్కాలో పెట్టుకుని వెళ్ళాడు. పేరు కూడా మార్చలేదు. మూట అనే పిలిచాడు.

ఆ మూట విప్పుకుంది. ఏడాది తిరిగేసరికి ఛాతీ విశాలమై, మెడ నిలబడి, వీధిలో నడుస్తుంటే సైకిళ్ళు ఆగేలా తయారైంది. తలుపు తీయగానే ఒక్క గెంతులో వ్యాను ఎక్కి డ్రైవరు పక్క సీటులో కూర్చునేది. పిల్లలు చెవులు లాగినా కిక్కురుమనేది కాదు. జనం సోఫా కుట్టించుకోవడానికి వచ్చి, గుడ్డ రంగు చూడాల్సింది పోయి, "ఆ వ్యాను కుక్క మీ దగ్గర పుట్టిందేనట కదా?" అని అడిగేవాళ్ళు.

"నా దగ్గర పుట్టిందే," అనేవాడు మేకులాయన. ఆ మాటలో సగం గర్వం, సగం విషం. తన చేతుల్లో పుట్టినదాన్ని తనే ఏరి, పనికిరానిదని తనే పక్కన పెట్టి, తనే ఇచ్చేశాడు. దొంగ ఎత్తుకుపోయి ఉంటే దొంగనైనా తిట్టుకునేవాడు.

ఇంట్లో ఇంకా కష్టం. తమ్ముడి కుక్క అంటే భార్యకు తమ్ముడి కంటే ముద్దు. "మూట ఎంత బుద్ధిమంతురాలో" అని అన్నం పెడుతూ మొదలుపెట్టేది.

"మగ కుక్కే అది. బుద్ధిమంతుడు అనాలి," అనేవాడు.

"సరే, బుద్ధిమంతుడు. మీకంటే."

ఆదివారం పొద్దున కుక్కలున్నవాళ్ళంతా మైదానంలో చేరతారు. ఫ్లాస్కుల్లో టీ తెచ్చుకుని, కుక్కల్ని వదిలి, కబుర్లు చెప్పుకుంటారు. మేకులాయన మాత్రం మూట వెనక నిలబడేవాడు. ఎప్పుడూ వెనకే. కుక్క నడుస్తుంటే దాని నడుం వంకే చూసేవాడు. చూడగా చూడగా ఎడమ వెనకకాలు కొంచెం పక్కకు ఊగుతున్నట్టు అనిపించింది. మరో వారం చూస్తే ఊగుతున్నట్టే ఉంది. ఆ తర్వాత ఖాయమైపోయింది. ఆ వారమంతా ఇంట్లో సంతోషంగా అన్నం మారు వడ్డించుకున్నాడు.

సరిగ్గా అప్పుడే ఎవరో మూటను తమ ఆడకుక్కకు జత కట్టిస్తామని అడిగారు. మేకులాయన టీ గ్లాసు పక్కన పెట్టాడు.

"ఆగండి. ఇక నుంచి మన గుంపులో తుంటికి ఎక్స్‌రే తీయించకుండా ఏ కుక్కనూ జత కట్టించకూడదు. ఈ జాతికి తుంటి కీళ్ళ జబ్బు ఉంటుంది, అది పిల్లలకు దిగుతుంది. చూసి చూసి కుంటివాటిని పుట్టించడం పాపం."

మాట నిజమే. అంతకు ముందు కూడా నిజమే. కానీ తన ముసలిదానికి రెండు ఈతలు వేయించినప్పుడు ఆయన ఎక్స్‌రే తీయించలేదు. "నా కన్నే ఎక్స్‌రే" అనేవాడు.

"నా కుక్కనే అంటున్నావా బావా?" అన్నాడు బావమరిది.

"ఎవరి కుక్కయినా ఒకటే. నీ దాని ఎడమకాలు నువ్వే చూసుకో."

బావమరిది వంగి చూశాడు. వాడికేమీ కనబడలేదు. "సరే, తీయిద్దాం. జువ్వకి కూడా తీయించు. లేకపోతే నా ఒక్కడి మీదే పగబట్టావంటారు."

జువ్వకు భయమేముంది అనుకున్నాడు మేకులాయన. ఈసారి ఎదకు రాగానే దాన్ని జత కట్టించాలని ముందే నిశ్చయించుకున్నాడు. పక్క ఊళ్ళో మంచి మగకుక్కను చూసి మాట్లాడుకున్నాడు. ఈనడానికి వెడల్పాటి పెట్టె చేసి, అడుగున మందపాటి స్పాంజి వేసి, కడగడానికి వీలుగా పైన రెక్సిన్ బిగించాడు. అంత శ్రద్ధగా ఆయన ఏ గిరాకీకీ సోఫా చేయలేదు. అందులో పుట్టబోయే కూనల్లో ఒకటి మూటను తలదన్నుతుంది. అప్పుడు మైదానంలో ఎవరు ఎవరి వెనక నిలబడతారో చూడాలి. రెండేళ్ళుగా ఆయన బతుకుతున్నది ఆ ఒక్క ఆశ మీదే.

పశువుల డాక్టరమ్మ మూటకు మత్తిచ్చి, వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ళు సాగదీసి ఫిల్మ్ తీసింది. లైటు పెట్టెకు తగిలించింది. రెండు తొడ ఎముకల బంతులూ తుంటి గిన్నెల్లో నిండుగా కూర్చుని ఉన్నాయి.

"పాఠంలో బొమ్మలా ఉంది," అంది డాక్టరమ్మ.

"ఎడమ వైపు?" అన్నాడు మేకులాయన.

"రెండు వైపులా."

"కొంచెం ఊగుతుందండి నడిచేటప్పుడు."

"మీరు ఎటు నుంచి చూశారు?"

 మత్తు దిగగానే, బడి వదిలే వేళ అయిందని బావమరిది కుక్కను తీసుకుని వెళ్ళిపోయాడు. జువ్వ ఫిల్మ్ వచ్చేసరికి గదిలో ఆయన ఒక్కడే ఉన్నాడు. డాక్టరమ్మ దాన్ని తగిలించింది. ఆ తర్వాత పెన్ను మొనతో చూపించింది.

"ఇక్కడ గిన్నెకు లోతు లేదు. బంతి సగం బయటే ఉంది. రెండో వైపు ఇంకా నయం, కానీ బాగా లేదు. ఇది దూకుతుందా?"

"దూకదండి. బల్ల మీదకైనా, ఆటోలోకైనా నేనే ఎత్తుతాను. గారం దానికి."

"మెట్లెక్కేటప్పుడు వెనకకాళ్ళు రెండూ కలిపి కుందేలులా వేస్తుందా?"

 చిన్నప్పుడు ఏ కూనైనా అలాగే గెంతుతుంది. జువ్వ పెద్దయ్యాక కూడా అలాగే గెంతేది. అదే దాని అందమని ఆయన ఊరంతా చెప్పుకున్నాడు. "నా జువ్వ నడవదు, ఎగురుతుంది" అని మైదానంలో పిలిచి మరీ చూపించేవాడు.

"అది గారం కాదండీ, నొప్పి," అంది డాక్టరమ్మ. "బరువు పెరగనివ్వకండి, మందు రాస్తాను. దీనికి పిల్లలు మాత్రం వద్దు."

"ఈ సంగతి..."

"మీ కుక్క, మీ ఫిల్మ్. నేనెవరికీ చెప్పను. చెప్పాల్సినవాళ్ళకు చెప్పడం మీ వంతు."

ఫిల్మ్ చుట్టి చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాడు. భార్య అడిగితే "బాగానే ఉంది" అన్నాడు. బావమరిది ఫోను చేసి "జువ్వది ఎలా ఉంది బావా?" అంటే "నీ దానికేం, దివ్యంగా ఉందిగా" అని పెట్టేశాడు. ఫిల్మ్‌ను స్పాంజి బిళ్ళల వెనక దాచాడు.

అదే కడుపు, అవే పాలు, అదే పెట్టె. మంచిది వాడికెలా పోయింది? అది కూడా తన చేతుల మీదుగా. ఆ ప్రశ్న ఆయన్ని చెదలా తినేసింది. తుంటి గురించి కాదు, జువ్వ నొప్పి గురించి కూడా కాదు, మూట ఫిల్మ్ అంత బాగుండటం గురించే ఆలోచించాడు. ఆపైన ఆ ఆలోచనే దారి చూపించింది. కూనలన్నిటికీ ఆ జబ్బు రావాలని రాసిపెట్టి లేదు. తండ్రి మంచిదైతే సగమైనా బాగుంటాయి. ఎవరికి తెలుస్తుంది? జువ్వ ఎదకు వచ్చే సూచనలు కనబడుతున్నాయి. పక్క ఊరికి ఫోను చేసి "వచ్చే వారం తీసుకొస్తాను" అని చెప్పేశాడు.

మర్నాడు నర్సమ్మ వచ్చింది. అదే ఈతలో పుట్టిన బన్ను అనే ఆడకూనను ఆవిడే తీసుకెళ్ళింది. ఆస్పత్రి డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, ఇంకా తెల్లచీరలోనే ఉంది.

"అన్నయ్యా, ఒక పని చేసిపెట్టాలి. బన్ను మంచం ఎక్కలేకపోతోంది. కింద పడుకోమంటే వినదు, నా కాళ్ళ దగ్గరే పడుకోవాలి దానికి. ఏటవాలుగా బల్లలాంటిది చేసి, జారకుండా మెత్తగా ఏమైనా బిగించి ఇస్తారా?"

"ఎందుకెక్కలేకపోతోంది?"

"తుంటి అరిగిపోయిందట."

సంచీ సర్దుకుని ఆవిడ వెంట వెళ్ళాడు. ఒకప్పుడు తనే వచ్చి గేటు కింద సందు కొలిచిన ఇల్లు. బన్ను ఆయన్ని చూసి లేవబోయింది. ముందుకాళ్ళు లేచాయి. వెనక భాగం కాసేపటికి, ఎవరిదో అన్నట్టు, వెంట వచ్చింది. అంత కష్టపడి లేచి, ఆయన చెయ్యి నాకింది.

మంచం ఎత్తు కొలిచాడు. తెచ్చిన చెక్కను కోసి, పైన స్పాంజి పరిచి, గరుకు గుడ్డ లాగి, మేకులు నోట్లో పోసుకుని బిగించడం మొదలుపెట్టాడు. నర్సమ్మ పక్కన పీట వేసుకుని కూర్చుంది.

"మొదట్లో మెట్ల మీద కుందేలులా ఎగిరేది. ముచ్చటగా ఉందని వీడియో కూడా తీశాను. నర్సునై ఉండి నాకే తెలియలేదు చూడండి." కుక్క తల నిమిరింది. "మీరు బాధపడకండి అన్నయ్యా. మీరు చూసి ఇచ్చినంతగా ఎవరిస్తారు? కుక్కన్నాక ఏదో ఒకటి వస్తుంది. అన్నట్టు, జువ్వకి పిల్లలు పుడితే నాకొకటి ఇస్తానన్నారు. మరిచిపోకండి. దీనికి తోడుంటుంది."

ఆయన నోట్లో మేకులున్నాయి. మాట్లాడకపోవడానికి అంతకంటే మంచి సాకు ఉండదు. సుత్తి దెబ్బలు మాత్రం ఉండాల్సినదాని కంటే గట్టిగా పడ్డాయి. ఒక మేకు వంకర పోయింది. వృత్తిలోకి వచ్చాక ఆయన చేతిలో మేకు వంకర పోవడం ఎవరూ చూడలేదు.

మిగిలిన చెక్క, గుడ్డ ఇంటికి తెచ్చాడు. ఊరికే, చేతులు ఖాళీగా ఉండలేక, ఇంకో ఏటవాలు బల్ల చేసి దుకాణంలోని పని బల్లకు ఆనించాడు. ఆ పని బల్ల మీద కిటికీ పక్కన కూర్చోవడం జువ్వకు ఇష్టం. రోజూ వచ్చి, ముందుకాళ్ళు ఆనించి, ఎత్తమని ఆయన వంక చూసేది. ఆ రోజు అది ఏటవాలు బల్లను వాసన చూసింది. ఒక కాలు పెట్టింది. రెండో కాలు పెట్టింది. నిదానంగా, కాలు వెనక కాలు వేసుకుంటూ ఎక్కి కూర్చుని కిటికీలోంచి వీధి చూడసాగింది. ఆయన సాయం అడగలేదు. ఇన్నాళ్ళూ అడిగింది గారంతో కాదు, గత్యంతరం లేక.

రెండేళ్ళు బావమరిది కుక్క నడుం చూస్తూ గడిపాడు. ఆ చూపులో పదో వంతు ఇంట్లోదాని మీద పెట్టి ఉంటే సరిపోయేది.

వంటింటి గుమ్మంలోకి వెళ్ళి భార్యతో చెప్పాడు. "జువ్వ తుంటి బాగా లేదు. అబద్ధం చెప్పాను."

ఆవిడ గిన్నెలు తోమడం ఆపలేదు. "తెలుసు."

"ఎలా తెలుసు? ఫిల్మ్ చూశావా?"

"ఫిల్మ్ ఎందుకు? ఆస్పత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచి మీరు మూటని ఒక్క మాట అనలేదు. ఏదో కొంప మునిగిందనుకున్నాను."

పక్క ఊరికి ఫోను చేసి రావడం లేదని చెప్పాడు. ఆదివారం మైదానంలో ఫిల్మ్ తీసి అందరికీ చూపించాడు. "జువ్వకి తుంటి జబ్బు ఉంది. బన్నుకీ ఉంది. ఆ రెండూ నా దగ్గర పుట్టినవే, తల్లికి నేను ఎక్స్‌రే తీయించలేదు. ఆ తల్లి కూనలు ఎవరి దగ్గరున్నా తీసుకెళ్ళి చూపించండి. జువ్వకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించేస్తున్నాను."

"నీ రూలు నీకే తగిలిందన్నమాట," అన్నాడు గుంపులోని బేకరీ ఆయన. ఒకరిద్దరు నవ్వారు. ఆ నవ్వు ఆయనకు బరువనిపించలేదు. బావమరిది మాత్రం నవ్వలేదు. దగ్గరికొచ్చి, జువ్వ ముందు గొంతుక్కూర్చుని, దాని చెవుల వెనక గోకి, "పద బావా, వ్యానులో దింపుతాను, ఇది ఇంత దూరం నడవకూడదు" అన్నాడు.

వాడు ఎగతాళి చేసుంటే బాగుండేది. కుక్క మంచిదని ఏడిస్తే, ఇప్పుడు మనిషి కూడా మంచివాడైపోయాడు. దారంతా మేకులాయన కిటికీలోంచి బయటికే చూశాడు.

ఆపరేషన్ అయింది. కూనల కోసం చేసిన పెట్టెకు ఒక పక్క చెక్క ఊడదీసి, జువ్వకు పడకగా వేశాడు. అది హాయిగా కాళ్ళు చాపుకుంది. 

కొంతకాలానికి బావమరిది దుకాణానికి వచ్చి, కుట్టని సోఫా మీద కూర్చున్నాడు.

"మూటకి సంబంధాలు వస్తున్నాయి బావా."

"రాకేం. చెప్పుకోవడానికి వచ్చావా?"

"కాదు. డాక్టరమ్మ చెప్పింది, తోబుట్టువులకి ఉంది కాబట్టి ఫిల్మ్ బాగున్నా మూట రక్తంలో ఉండొచ్చట. అవతలి వైపు తల్లి, అమ్మమ్మ దాకా చూసుకుని గానీ జత కట్టించొద్దంది. నాకేమో అన్నీ బాగున్నట్టే కనబడతాయి. అక్కకి సంబంధం చూసినప్పుడు కూడా నేను బాగుందనే చెప్పాను."

లోపలి నుంచి భార్య దగ్గు వినబడింది.

"అందుకని?"

"నువ్వు చూడాలి. నీలా వంకలు వెతికేవాడు నాకు దొరకడు."

మేకులాయన నోట్లోంచి మేకులు అరచేతిలోకి ఉమ్మాడు. తిడదామనుకున్నాడు. "ఎప్పుడెళ్దాం?" అన్నాడు.

ఆ తర్వాత ఆయన ఆదివారాలు అలా గడిచాయి. ఒక కుక్క మనిషిని చూసి మంచం కిందకు దూరింది, వద్దన్నాడు. ఒకదానికి ఇంకా ఈడు రాలేదు, వద్దన్నాడు. ఒకటి బోనులో పెరుగుతోంది, యజమానికి నాలుగు చీవాట్లు పెట్టి వచ్చాడు. ఒకరు ఫిల్మ్ ఎక్కడో పెట్టామన్నారు, దొరికాక పిలవమన్నాడు. బావమరిది ఏ ఇంట్లోనూ ఎదురు చెప్పలేదు. మూట వ్యానులో ముందు సీటులో కూర్చుని ఎదురుచూసేది. మేకులాయనకు వెనక సీటు.

చివరికి ఊరి చివర పూలమొక్కలు పెంచి అమ్మే ముసలాయన దగ్గర ఒక ఆడకుక్కను చూశారు. దాని ఫిల్మ్ ఉంది, తల్లిది ఉంది, అమ్మమ్మది కూడా ఉంది. మేకులాయన దాన్ని ముందు నుంచి చూశాడు, పక్క నుంచి చూశాడు, వెనక చాలాసేపు నిలబడ్డాడు. మెట్లెక్కించాడు, దింపించాడు. తర్వాత ముసలాయన ఆయన్ని తిరిగి అడగడం మొదలుపెట్టాడు: మీ వంతు కూనలు ఎవరికిస్తారు, పెంచలేనివాళ్ళు తిరిగి ఎక్కడ వదలాలి, గేటు కింద సందు చూసి ఇస్తారా లేదా. ప్రతిదానికీ జవాబు చెప్పాడు. చెప్పేకొద్దీ ఒళ్ళు మండింది. ఎక్కడా వంక దొరకలేదు.

"సరే," అన్నాడు చివరికి. "ఇది పరవాలేదు. మొదటి కూన నర్సమ్మకి."

"రెండోది నీకా బావా?"

"మీ ఇంటికొచ్చి అడగను. నువ్వే మా ఇంటికొచ్చి గేటు చూసుకుని ఇవ్వు."

మొక్కల మధ్య బాటలో వ్యాను దగ్గరికి నడిచారు. మూట ముందు నడుస్తోంది. అలవాటు చొప్పున మేకులాయన వెనకే ఉన్నాడు. ఎడమకాలు ఊగడం లేదు. కుడికాలు ఊగడం లేదు. ఎప్పుడూ ఊగలేదు.

బావమరిది తలుపు తీశాడు. మూట ఒక్క గెంతులో సీటు ఎక్కి కూర్చుంది.

"ఇప్పటికైనా ఒక్కసారి చెప్పు బావా. నా కుక్క బాగుందా, లేదా?"

మేకులాయన చొక్కా జేబు తడుముకున్నాడు. అడుగున నాలుగు మేకులు దొరికాయి. తీసి నోట్లో పోసుకుని, వెనక సీటు ఎక్కి తలుపు వేసుకున్నాడు.